మృతుల పట్టికకెక్కనివారు
(1928 నాటి అట్లాంటిక్ తుఫానులను గురించి కొన్ని ఆలోచనలు)

మన వార్షిక సంచికలోని ఉర్దూ పుటలలోను, తెలుగు పుటలలోను అర్థం మారకుండా నిలిచే మాటలలో ‘తుఫాను’ ఒకటి. అరబ్బీ నుండి పారశీకం మీదుగా ఉర్దూలోనికి, అక్కడి నుండి తెలుగులోనికి నడచి వచ్చిన ఈ మాటను కోస్తా రైతు తన తాతల నాటి మాటగానే పలుకుతాడు. నూహ్ ప్రవక్త కాలపు జలప్రళయాన్ని ఖురాన్ ఈ మాటతోనే పేర్కొన్నది. అట్లాంటిక్ మహాసముద్రంలో పుట్టే గాలివానలకు ‘హరికేన్’ అనే పేరు కరీబియన్ దీవుల ఆదిమవాసులైన తైనోల నుండి వచ్చినది. మన బంగాళాఖాతంలోని వాటికి ‘సైక్లోన్’ అనే పేరును కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ప్రచురించిన తన నావికుల గ్రంథం ద్వారా ప్రచారంలోనికి తెచ్చినాడు. పేర్లు వేరైనా వస్తువు ఒక్కటే. వేడెక్కిన సముద్రజలం నుండి లేచిన ఆవిరే దానికి ఆహారం. భూమధ్యరేఖకు ఉత్తరాన అది ఎక్కడ పుట్టినా అపసవ్య దిశలోనే సుడి తిరుగుతుంది. గాలికి జాతి లేదు, మతం లేదు, ధనిక దరిద్ర భేదం లేదు అని మనం తరచుగా అంటూ ఉంటాము. గాలి విషయంలో ఆ మాట నిజమే. కాని గాలి వెలిసిన మరునాటి ఉదయం నుండి మనుష్యులు చేసే పనులలో ఆ భేదాలన్నీ ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి. 1928 నాటి అట్లాంటిక్ తుఫానుల ఋతువును గురించి చదివిన నాటి నుండి నన్ను విడువక వెంటాడుతున్న విషయం ఇదే. దానిని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కార్యవర్గ పెద్దల ముందు ఉంచడం నా ఉద్దేశం.

అట్లాంటిక్‌లో జూన్ నుండి నవంబరు వరకు తుఫానుల ఋతువుగా లెక్కిస్తారు. 1928లో నమోదైనవి మొత్తం ఆరు. వాటిలో హరికేన్ స్థాయికి చేరినవి నాలుగు. 2005లో 28, 2020లో 30 తుఫానులు పుట్టిన సముద్రంలో ఆరు అనేది చాలా స్వల్పమైన సంఖ్య. పట్టిక మాత్రమే చూచేవాడు ‘ఆ సంవత్సరం ప్రశాంతంగా గడిచినది’ అని పుట తిప్పివేయగలడు. కాని ఆ ఆరింటిలో ఒక్కటే నాలుగు వేల మందికి పైగా ప్రాణాలు తీసినది. తుఫానుల సంఖ్యకు, తుఫానుల మృతుల సంఖ్యకు ఏ సంబంధమూ లేదని దీనినిబట్టి తెలుస్తున్నది. మృతుల సంఖ్య సముద్రం మీద కంటె నేల మీది ఏర్పాట్ల మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఆగస్టు 8వ తేదీ ప్రాంతంలో మొదటి తుఫాను అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు తూర్పు తీరాన్ని ఫోర్ట్ పియర్స్ వద్ద తాకినది. రెండవది హైటీ దేశంలో సుమారు రెండు వందల మందిని బలిగొని, ఫ్లోరిడా వైపే సాగినది. ఇవి ప్రసిద్ధికెక్కలేదు. వీటిని ఇక్కడ పేర్కొనడానికి కారణం ఒక్కటే: ఆ ఆగస్టు వర్షాలతో ఫ్లోరిడా నడుమనున్న ఓకీచోబీ సరస్సు నిండినది.

ఓకీచోబీ అంటే అక్కడి ఆదివాసుల భాషలో పెద్దనీరు అని అర్థం. అది 700 చదరపు మైళ్ళకు పైబడిన వైశాల్యం గలది. మన కొల్లేటి కంటె అనేక రెట్లు పెద్దది, కాని కొల్లేరు వలెనే లోతు లేనిది. సగటు లోతు తొమ్మిదడుగులకు మించదు. దాని దక్షిణాన ఎవర్‌గ్లేడ్స్ అనే విశాలమైన చిత్తడి నేల. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఆ చిత్తడిని కాలువలతో ఆరబెట్టి సాగులోనికి తెచ్చినారు. యుగాల తరబడి కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన నల్లని మన్ను. చెరకు, చిక్కుడు, కూరగాయలు విరివిగా పండినవి. సరస్సు నీరు పొలాల మీదికి రాకుండా దక్షిణపు ఒడ్డున ఐదారడుగుల మట్టితో కరకట్ట పోసినారు. ఆ కట్ట చాలదని 1926 సెప్టెంబరులోనే తేలిపోయినది. మయామీ నగరాన్ని ధ్వంసం చేసిన ఆనాటి తుఫాను సరస్సు నైరుతి ఒడ్డున మూర్ హేవెన్ పట్టణం వద్ద కట్టను తెంచి వందల మందిని ముంచివేసినది. తరువాత రెండేండ్లు గడిచినవి. కట్టను పటిష్ఠం చేయాలన్న మాట వినబడినదే కాని పని మాత్రం జరుగలేదు. ఇటువంటి రెండేండ్లు ఏ దేశంలోనైనా ఎంత సులభంగా గడుస్తాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక సెప్టెంబరు తుఫాను. 10వ తేదీన కమాక్ అనే ఓడ గ్వాడెలూప్ దీవికి తూర్పున సుమారు 900 మైళ్ళ దూరంలో దానిని చూచి రేడియో ద్వారా కబురంపినది. అంతటి తూర్పు నుండి ఓడ రేడియో ద్వారా తుఫాను వార్త అందడం అదే ప్రథమం. 12వ తేదీన ఆ తుఫాను గ్వాడెలూప్‌ను తాకి సుమారు 1,200 మందిని చంపినది. 13వ తేదీన పోర్టోరికో దీవి మీదుగా సాగినది. తరువాతి కాలంలో ఏర్పడిన కొలత ప్రకారం అది ఐదవ శ్రేణి, అనగా అత్యున్నత శ్రేణి తుఫాను. అంతటి బలంతో ఆ దీవిని తాకిన తుఫాను నమోదైన చరిత్రలో మరొకటి లేదు. ఆ దినం క్రైస్తవ పంచాంగంలో సాన్ ఫెలిపే పర్వదినం కావడంచేత, 1876లోనూ అదే తేదీన ఒక తుఫాను వచ్చి ఉండడంచేత, దీవివాసులు దీనిని ‘రెండవ సాన్ ఫెలిపే’ అని పిలిచినారు. తుఫానులకు మనుష్యుల పేర్లు జాబితా వేసి పెట్టే పద్ధతి ఇంకా రాని రోజులవి.

పోర్టోరికోలో లక్షలాది మంది నిరాశ్రయులైనారు. కాఫీ తోటలు నేలమట్టమైనవి. అయినా అధికారిక లెక్కలో మృతులు 312 మంది. 1899లో అదే దీవిని తాకిన తుఫానులో మూడు వేల మందికి పైగా మరణించినారు. 1928 తుఫాను అంతకంటె బలమైనది. మరి మృతుల సంఖ్య పదింట ఒక వంతుకు ఎట్లు తగ్గినది? దీవిలోని పోలీసు ఠాణాలన్నింటికీ ముందుగానే కబురు చేరవేసినారు; నౌకాదళపు రేడియో కేంద్రం రెండేసి గంటలకొకసారి హెచ్చరికను ప్రసారం చేసినది. ఓడరేవులలోని నౌకలు జాగ్రత్తపడినవి, ప్రజలు గట్టి కట్టడాలలోనికి చేరినారు. తెలియజెప్పినచోట మనుష్యులు బ్రతికినారు.

ఇది చెప్పినది ఎందుకంటే, ఫ్లోరిడా తీరంలో కూడా ఇదే జరిగినది. సెప్టెంబరు 16, ఆదివారం సాయంకాలం తుఫాను వెస్ట్ పామ్ బీచ్ నగరం దగ్గర తీరం దాటినది. సముద్రతీరాన భవనాలు, హోటళ్ళు అపారంగా నష్టపోయినవి గాని మరణాలు స్వల్పం. సముద్రం పక్కనున్నవారు బ్రతికినారు. సముద్రానికి సుమారు నలభై మైళ్ళ లోపల పొలాలలో ఉన్నవారు వేల సంఖ్యలో మునిగి చనిపోయినారు. ఉప్పెన అనగానే ఉప్పుసముద్రమే మన తలపునకు వస్తుంది. ఇక్కడ మాత్రం మంచినీటి సరస్సే ఉప్పెన అయినది. సుడిగాలి సమీపిస్తున్నప్పుడు ఉత్తరం నుండి వీచిన గాలి, లోతులేని ఆ నీటినంతటినీ పళ్ళెంలోని నీటిని ఒక ప్రక్కకు ఒంచినట్లు దక్షిణపు కట్ట మీదికి తోసినది. చీకటిలో కట్ట మైళ్ళ పొడవున తెగినది. బెల్ గ్లేడ్, సౌత్ బే, పహోకీ మొదలైన పల్లెలలో ఇండ్లు పునాదుల నుండి లేచి తేలిపోయినవి. కొన్నిచోట్ల నీరు ఇరవై అడుగుల వరకు చేరినది. సుడి నడిబొడ్డు దాటిన తరువాత గాలి ఎదురుతిరిగి అదే నీటిని ఉత్తరపు ఒడ్డు మీదికి తోసినది.

హెచ్చరిక రాలేదా అంటే, వచ్చినది. ఆ రోజు పగటివేళ సరస్సు దగ్గరివారిని ఖాళీ చేయమన్నారు. చాలామంది ఎత్తైన కట్టడాలకు వెళ్ళినారు కూడా. కాని చెప్పిన వేళకు తుఫాను రాకపోయేసరికి, అది తప్పుకొన్నదని తలచి ఇండ్లకు మరలివచ్చినారు. రాత్రివేళ నీరు వచ్చినది.

ఇక్కడి నుండి నా అసలు విషయం మొదలవుతున్నది.

ఆ పొలాలలో మరణించినవారెవరు? మృతులలో నాలుగింట మూడు వంతులమంది నల్లజాతి వ్యవసాయ కూలీలు. దక్షిణ రాష్ట్రాల నుండి, బహామా దీవుల నుండి పంట పనుల కోసం వలస వచ్చినవారు. వారిలో చాలామంది పేర్లు ఏ పౌర పట్టికలోను లేవు. పని చేయించుకొన్న యజమానులకు సైతం పలువురు మారుపేర్లతోనే తెలుసు. కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకొనిపోయినచోట వెదకుతూ వచ్చే బంధువు కూడా మిగులలేదు. నీరు తీయడానికి వారాలు పట్టినది, ఎండ తీవ్రమైనది. శవాలను వెలికి తీయడానికి బ్రతికి బయటపడిన నల్లజాతి పురుషులను తుపాకి చూపి పనిలోనికి దింపినారు. అట్టి పనిలో ఉండగా ఒక కూలీ కాల్చివేతకు గురియైన ఉదంతం కూడా ఉన్నది. దొరికిన శవాలను కొన్నిచోట్ల చితులు పేర్చి కాల్చినారు. పోర్ట్ మయాకా వద్ద సుమారు 1,600 మందిని ఒకేచోట పాతిపెట్టినారు.

వెస్ట్ పామ్ బీచ్ నగరానికి చేర్చిన శవాల విషయంలో జరిగినది మరీ స్పష్టమైనది. శవపేటికలు తక్కువగా ఉన్నవి. ఉన్నవి తెల్లవారికి కేటాయించినారు. ఉడ్‌లాన్ శ్మశానవాటికలో 69 మందిని ఖననం చేసినారు. వారు ప్రధానంగా తెల్లవారు. నల్లజాతివారిని 674 మందిని బీదల శ్మశానంలో ఒకే గోతిలో, పేటికలు లేకుండా పూడ్చినారు. చనిపోయిన మనిషి ఏ జాతివాడో గుర్తుపట్టడానికి కూడా వీలులేనంతగా శవాలు పాడైన స్థితిలో సైతం ఈ విభజన జరిగినది. నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1937లో ప్రచురించిన నవలలో ఈ తుఫానును, ఈ విభజనను కథాభాగంగా చిత్రించినది. చదివినవారికి అది కల్పన అని అనిపించవచ్చును. వెస్ట్ పామ్ బీచ్ లెక్కలు చూచినవారికి అట్లు అనిపించదు.

ఉడ్‌లాన్‌లో స్మారకచిహ్నం నిలిపినారు. బీదల శ్మశానంలో ఏదీ నిలుపలేదు. ఖననాలు ముగిసిన తరువాత అక్కడ జరిగిన ప్రార్థనకు వేలాది ప్రజలు వచ్చినారు. వచ్చినవారిలో ఒకరు మేరీ మెక్‌లియోడ్ బెతూన్. ఈ మహనీయురాలిని గురించి మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1904లో డేటోనా బీచ్‌లో చేతిలో ఒకటిన్నర డాలరుతో, ఐదుగురు బాలికలతో ఆమె ఒక పాఠశాల నెలకొల్పినది; అదే కాలక్రమంలో బెతూన్–కుక్‌మన్ కళాశాలగా ఎదిగినది. తన జాతివారికి తలుపులు మూసిన విద్యావ్యవస్థకు ఎదురు నిలిచి కళాశాల కట్టిన స్త్రీ, పేర్లు లేని ఆ గోతి ప్రక్కన వచ్చి నిలబడడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. అల్పసంఖ్యాక వర్గం కోసం విద్యాసంస్థను నడిపేవారికి ఈ రెండు పనుల మధ్యనున్న బంధుత్వం తేలికగా అర్థమవుతుంది. పేరు వ్రాయడం నేర్పేచోటు బడి; వ్రాయబడని పేర్ల కోసం అడుగవలసినవారు కూడా ఆ బడిలోనివారే.

రెడ్‌క్రాస్ సంస్థ ఫ్లోరిడా మృతుల సంఖ్యను 1,836గా తేల్చినది. ఈ అంకె దశాబ్దాల తరబడి అధికారిక పుస్తకాలలో నిలిచిపోయినది. తరువాతి సంవత్సరాలలో రైతులు నాగలి వేసినప్పుడల్లా ఎముకలు బయటపడుతూనే ఉన్నా అంకె మారలేదు. 2003లో, అనగా 75 సంవత్సరాల తరువాత, అమెరికా జాతీయ వాతావరణ సంస్థ దానిని ‘కనీసం 2,500’ అని సవరించినది. ‘కనీసం’ అనే ఆ మాటను గమనించండి. ఇంతకంటె తెలియదు, ఇక తెలియదు అనే ఒప్పుకోలు అందులో ఉన్నది. బీదల శ్మశానపు భూమి ఈలోగా చేతులు మారినది. 2000లో నగరపాలక సంస్థ దానిని తిరిగి స్వాధీనం చేసుకొన్నది. 2002లో అది జాతీయ చారిత్రక స్థలాల పట్టికకెక్కినది. 2003లో అక్కడ ఒక చారిత్రక ఫలకం వెలసినది. సరస్సు చుట్టూ మాత్రం 1930లలోనే హెర్బర్ట్ హూవర్ పేరిట పెద్ద కరకట్ట కట్టినారు. దానిని ఆధునిక రీతిలో బలపరచే పని 2023లో పూర్తయినది. పొలాలకు రక్షణ కొద్ది సంవత్సరాలలోనే లభించినది. మృతులకు గుర్తింపు లభించడానికి ముప్పాతిక శతాబ్దం పట్టినది.

ఇది గతించిన కాలపు మాట, ఇప్పుడట్లు జరుగదు అని అనేవారికి అదే పోర్టోరికోను చూపుతాను. 2017 సెప్టెంబరులో మరియా తుఫాను ఆ దీవిని తాకినది. అధికారిక మృతుల సంఖ్య చాలా నెలల పాటు 64గానే నిలిచినది. విద్యుత్తు లేక, మందులు లేక, ఆసుపత్రి చేరలేక తరువాతి నెలలలో మరణించినవారిని ఆ లెక్కలో చేర్చలేదు. విశ్వవిద్యాలయ పరిశోధకులు మరణాల రిజిస్టర్లను పరిశీలించి చూచిన తరువాత 2018 ఆగస్టులో ప్రభుత్వం ఆ సంఖ్యను 2,975గా అంగీకరించినది. 64 ఎక్కడ, 2,975 ఎక్కడ! ఉపగ్రహాలు తుఫాను కంటిని గంట గంటకూ చిత్రించగల కాలంలో ఇది జరిగినది.

లెక్క పెరిగితే పోయినవారు తిరిగివస్తారా అని ఒక ప్రశ్న ఉన్నది. నా మిత్రులలో కొందరు ఈ ప్రశ్న వేసినారు. అది చిత్తశుద్ధితో వేసిన ప్రశ్నే. తిరిగిరారు. కాని కరకట్ట ఎంత ఎత్తు ఉండాలి, ఎన్ని ఆశ్రయాలు కట్టాలి, ఎంత ధనం కేటాయించాలి అనేవి ఆ లెక్క మీదనే ఆధారపడుతాయి. మూర్ హేవెన్‌లో 1926లో మునిగినవారి సంఖ్య కొందరికి చాలినంత పెద్దదిగా కనబడలేదు. అందుచేతనే 1928 వరకు కట్ట అట్లే ఉన్నదని నా అభిప్రాయం. పైగా పట్టికలో పేరు లేనివాని భార్యకు పరిహారం రాదు, పిల్లలకు వారసత్వం రాదు. అతడు చనిపోయినాడని నిరూపించవలసిన భారం కూడా ఆమె మీదనే పడుతుంది.

మరొక వాదమున్నది: అంతటి ఎండలో, అంటువ్యాధుల భయంలో, శవాలను త్వరగా దహించడం, సామూహికంగా ఖననం చేయడం తప్ప గత్యంతరమేమున్నది? ఈ వాదంలో నిజమున్నది, దానిని నేను కాదనను. చితి పేర్చినవారిని గాని, గోయి త్రవ్వినవారిని గాని నేను నిందించుట లేదు. రెడ్‌క్రాస్ కార్యకర్తలు సైతం తమకు దొరికిన ఆధారాలతో మనఃపూర్వకంగానే లెక్క తీసి ఉంటారు. నేను అడిగేది వేరు. పేటికలు చాలనప్పుడు అవి ఎవరికి చెందినవి? 69 మందికి రాయి నిలిపిన చేతులు 674 మందికి ఎందుకు నిలుపలేదు? ఈ రెంటికీ ఎండను కారణంగా చెప్పలేము.

మన ధర్మాలు ఈ విషయంలో ఎంతో ముందున్నవి. ఇస్లాంలో జనాజా నమాజు ఫర్జె కిఫాయా. ఊరిలో కొందరు నిర్వర్తిస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ నిర్వర్తించకపోతే పాపం అందరికీ చెందుతుంది. దిక్కులేని శవానికి సంస్కారం చేయడం యజ్ఞమంతటి పుణ్యమని మన తెలుగు పెద్దలూ చెప్పుకొన్నారు. అయినా వ్యవహారంలో మనం ఒక మాటను ఎంత సునాయాసంగా వాడుతామో చూడండి: ‘లావారిస్ శవం’. తెలుగులో ‘అనాథ శవం’. వారసులు లేనివాడు లోకంలో ఎవడున్నాడు? వారసులు ఎవరని విచారించినవారు లేకపోవడమే అసలు సంగతి. ఓకీచోబీ పొలాలలో చనిపోయిన బహామా కూలీకి దీవిలో తల్లి ఉండి ఉంటుంది. ఉత్తరం రాకపోయేసరికి ఆమె ఎంతకాలం ఎదురుచూచినదో ఏ నివేదికలోనూ లేదు.

మన తీరాన్ని గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. 1839 నవంబరులో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవును ఉప్పెన ముంచివేసినది. మూడు లక్షల మంది మరణించినారని ఎన్నో పుస్తకాలలో అచ్చయినది. ఆ అంకెను శంకించిన పండితులు ఉన్నారు. గుండ్రని పెద్ద అంకె కనబడినచోట ఎవరూ లెక్కించలేదని గ్రహించవలసి ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మృతులు సుమారు పదివేలని అధికారిక లెక్క. ఆ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ ఆ మాట విని తల అడ్డంగా ఊపుతారు. ఎవరి మాట సరియైనదో తేల్చగల శక్తి నాకు లేదు. తేల్చడానికి పేర్లతో కూడిన పట్టిక ఒకటి ఊరూరా ఉండి ఉంటే ఈ వాదమే పుట్టదని మాత్రం చెప్పగలను. కోతలకు, నాట్లకు, చేపల చెరువులకు, ఇటుకబట్టీలకు దూరప్రాంతాల నుండి వచ్చి, పాకలలో నివసించి, రేషను కార్డు వేరొక జిల్లాలోనో వేరొక రాష్ట్రంలోనో ఉన్న మనిషి నేడు మన తీరంలో ఎందరున్నారో ఒకసారి ఆలోచించండి.

అందుచేత కార్యవర్గ సభ్యులకు నాదొక విన్నపం. తుఫాను వచ్చినప్పుడు మన కళాశాల నుండి బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు పోగుచేసి పంపే ఆచారం మంచిదే, అది కొనసాగవలసినదే. దానితోపాటు జాతీయ సేవా పథకం విద్యార్థుల చేత తుఫాను రాకముందే ఒక పని చేయించండి. వేసవి శిబిరానికి తీరగ్రామమొకటి ఎన్నుకొని, అక్కడి ఓటర్ల జాబితాలో లేనివారి పట్టిక తయారు చేయించండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. రూళ్ళ పుస్తకమొకటి, రెండు భాషలూ వ్రాయగల ఇద్దరు విద్యార్థులు చాలు. బీహారు నుండియో, ఒడిశా నుండియో వచ్చిన కూలీతో మాటలాడడానికి మన ఉర్దూ విభాగం వారి భాష ఎంతగానో అక్కరకు వస్తుంది. ఆ పట్టిక ప్రతి ఒకటి పంచాయతీ కార్యాలయంలో, ఒకటి మసీదులోనో గుడిలోనో, ఒకటి మన గ్రంథాలయంలో ఉంచవచ్చును. ప్రతి సంవత్సరం జూన్‌లో దానిని సరిచూడాలి, ఎందుకంటే కూలీలు నిలకడగా ఒకచోట ఉండరు.

పట్టికలో ఏమేమి వ్రాయాలని విద్యార్థులు అడుగవచ్చును. పిలిచే పేరు, అసలు పేరు, తండ్రి లేక భర్త పేరు, వచ్చిన ఊరు, పనిచేసే చోటు. చివరి గడిలో, ఏదైనా జరిగితే కబురు ఎవరికి పంపాలో ఆ మనిషిచేతనే చెప్పించి వ్రాయాలి.